పక్కన నిలబడ్డ దీర్ఘం

ఆదివారం పొద్దునకు నాకొక క్రమం ఉంది. ముందు తాగే నీళ్ల బిందెలు తోమి బోర్లించడం, తర్వాత వారానికి సరిపడా మందులు డబ్బాలో సర్దుకోవడం, ఆపైన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నిన్నటి డైరీ రాయడం. ఏ రోజుది ఆ రోజు రాయను. ఒక నిద్ర గడిస్తే గానీ ఆ రోజులో నిలిచేదేదో తేలదు. తెక్కలకోట కన్నడ బడిలో పిల్లలచేత అక్షరాలు దిద్దించే ఉద్యోగం ఏనాడో ముగిసింది గానీ, ఈ క్రమం మాత్రం తప్పలేదు. ఆ ఆదివారం బిందెలు బోర్లించక ముందే చైత్ర వచ్చింది. చైత్ర, కాలం చేసిన నా తమ్ముడు ఓబులేశు మనవరాలు. బళ్లారిలో జీన్స్ కుట్టే కార్ఖానాలో కంప్యూటర్ ముందు కూర్చుని జేబుల మీద కుట్టే పూలూ గీతలూ తయారు చేస్తుంది. చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి, ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"చూడవ్వా. నా జేజిని ఎత్తుకపోయినారు."

జేజి అంటే మా వైపు ముసలవ్వ. కానీ ఆ జేజి మనిషి కాదు, బొమ్మ. జీన్స్ పేంట్లు కుట్టడం అయ్యాక వేలాడే దారాలు కత్తిరించే పని మా వైపు ముసలివాళ్లకు ఇళ్లకే ఇస్తారు. అలాంటి ఒక ముసలమ్మ, చుట్టూ పేంట్ల కుప్ప, చేతిలో చిన్న కత్తెర. ఆమె పేంట్లతో మాట్లాడుతుంది, తిడుతుంది, వాటి యజమానులు ఎలాంటివాళ్లో ఊహించి ఎగతాళి చేస్తుంది. చైత్ర ఫోను మీద వేలితోనే ఆ బొమ్మలు గీసి, మాటలు కూడా వేలితోనే రాసి, 'జీన్స్ జేజి' అని పేరు పెట్టి, ముందు కార్ఖానా ఆడపిల్లల వాట్సప్ గ్రూపులో పంచేది. అక్కడినుంచి బంధువులకు, వాళ్లనుంచి ఎవరెవరికో పోయింది. పెళ్లిళ్లలో నాకు తెలియనివాళ్లు కూడా వచ్చి, "మీ చైత్రకు అచ్చం తాత చెయ్యే వచ్చిందమ్మా" అనేవారు. నేను తల ఊపేదాన్ని. ఆ మాట విన్న ప్రతిసారీ వెంటనే ఇంకో సంగతి ఎత్తుకునేదాన్ని.

దాచుకోవడం దేనికి, అది అసూయే. చైత్ర ఎన్నోసార్లు ఫోను చేతికిచ్చినా "కళ్లు మసకలే అమ్మా" అంటూ బొమ్మను ఒక చూపు చూసి తిరిగి ఇచ్చేసేదాన్ని. మాటలు చదివేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ల పిల్లకు అంతమంది చదువరులు దొరికారే అన్నది ఒక మంట. వాళ్లందరూ ఓబులేశునే తలుచుకుంటారే అన్నది ఇంకో మంట, ఇదే ఎక్కువ.

"ఎవరు ఎత్తుకపోయింది?" అన్నాను.

"పెద్ద పేజీ ఒకటుండాది, జోకులు పెడ్తారు. మూలన ఉన్న నా పేరు కత్తిరించి, వాళ్ల ముద్ర కొట్టుకున్నారు. ఒకటి గాదు, అన్నీ. నేను మొన్న మొన్ననే సొంతంగా పేజీ తెరిస్తి కదా, నాకన్నా ముందే వాళ్లు పెట్టేసిండారు. ఇప్పుడు నేనే వాళ్లది చోరీ చేసినానంట. అడిగితే ఏమన్నారో చూడు."

చదివింది: "ఇది మా టీం గీసిందండీ. మీదే అనడానికి ప్రూఫ్ ఏముంది?" కింద ముక్కూ మొహం తెలియనివాళ్లు చైత్రను కాపీ పిల్ల అని వెక్కిరించారు.

"నీ దగ్గర అసలువి లేవా?"

"ఫోను నిండిపోయిందని తీసేస్తిని గదా అవ్వా. అందరికాడా ఉండాయి, నా దగ్గర లేవు. సాలు. పేజీ మూసేస్తాండా. ఇంక గీయను." సాలు అంటే ఇక చాలు. మా ఇళ్లలో ఆ కన్నడ మాట వచ్చిందంటే, దాని తర్వాత ఇంకో మాట ఉండదు.

పిల్ల కళ్లలో నీళ్లు చూసి, మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకుని ఫోను దగ్గరికి తీసుకున్నాను. బొమ్మలో జేజి ఒక పేంటును కాలుపట్టి ఎత్తి పట్టుకుంది. ఆమె నోటి దగ్గర మాటల బుడగ. అందులో చేతిరాత: 'పేరు కంపెనీది, వేళ్లు నావి. నేనే లేకుంటే ఈ పేంటు యాడికి పోతాది?' ఆ వాక్యం బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ముందే నా చూపు అక్షరాల మీద ఆగిపోయింది. ఆ 'నే'లో, 'పో'లో దీర్ఘం అక్షరం నెత్తిమీద లేదు. కుడివైపున, కాస్త ఎడంగా, చిన్న తోకలాగా విడిగా నిలబడి ఉంది.

చదివేవాళ్లకు ఇది వివరంగా చెప్పాలి. కన్నడానికీ తెలుగుకూ అక్షరాలు దాదాపు ఒకటే. తెలిసినవాళ్లు అందులోంచి ఇందులోకి నడిచి రావచ్చు. కానీ తెలుగులో 'కే', 'కో' రాసేటప్పుడు దీర్ఘం అక్షరం తలమీదనే వంపు తిరుగుతుంది. కన్నడంలో మటుకు హ్రస్వం రాసేసి, దీర్ఘాన్ని పక్కన విడిగా నిలబెడతారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివిన మా సరిహద్దు పిల్లలు సొంతంగా తెలుగు రాయడం మొదలుపెడితే ఈ తప్పు చేస్తారు. ఆంధ్రాలో ఎవరూ చేయరు. కన్నడం మాత్రమే తెలిసినవాళ్లకు తెలుగే రాదు. ఇది మా ఒక్కరి తప్పు. ఆ తప్పును మా ఇంట్లో మొదట రాసింది నేను.

అప్పుడు మేం సండూరు దగ్గర తారానగర్‌లో ఉండేవాళ్లం. నాయన ఇనుప రాయి గనిలో లారీల చీటీలు రాసే గుమాస్తా. ఇల్లంతా ఎర్ర దుమ్మే. అమ్మ నీళ్ల కుండ మీద కప్పిన తడిగుడ్డ పొద్దునకు తెల్లగా ఉండి సాయంత్రానికి కాషాయం అయ్యేది. బియ్యం కడిగితే మొదటి నీళ్లు ఎర్రగా పోయేవి. మా లంగా అంచులు ఎంత ఉతికినా ఆ రంగు విడిచేవి కావు. బడిలో మేష్ట్రు మమ్మల్ని చూడకుండానే 'గని పిల్లలు' అనేవాడు, చెప్పులు వదిలినచోట నేల చూసి. నాయన పని నుంచి వస్తే నేరుగా లోపలికి రాడు. వాకిట్లో రాతి పలకమీద కాళ్లు కడుక్కునేవాడు. నీళ్లు తెల్లగా కారేదాకా పోయించుకునేవాడు. అప్పుడే అమ్మ జొన్నపిండి తడిపి రొట్టె తట్టడం మొదలుపెట్టేది. ఆ చప్పుడు వింటే వీధి చివర ఉన్నా మాకు ఆకలి తెలిసేది. రొట్టె కాలిన వాసన, తడిసిన ఎర్రమట్టి వాసన, నాయన చొక్కాలో డీజిల్ వాసన, ఈ మూడూ కలిస్తే సాయంత్రం.

నాయన జేబులో పాడైన చీటీలు ఉండేవి. వాటికి ఒకవైపు ఖాళీ. ఇంట్లో కాగితం అంటే అదే. ఓబులేశు వాటిని అన్నం మెతుకులతో అంటించి, వరసగా గడులు గీసి, బొమ్మల కథలు చేసేవాడు. వాడికి చదువు అంటలేదు. కన్నడ అక్షరాలే తడబడుతూ రాసేవాడు, తెలుగు అసలు రాదు. నాకు మా మేనత్త ఒక వేసవి సెలవుల్లో తెలుగు అక్షరాలు నేర్పింది. ఎక్కువ భాగం తెలిసినవే అనిపించి, తొందరగా దాటేశాను. దీర్ఘం దగ్గర కూడా ఆగలేదు, కన్నడంలో లాగే ఉంటుందనుకున్నాను. అలా వాడు బొమ్మ గీస్తే నేను మాట రాసేదాన్ని. కథ కూడా నేనే చెప్పేదాన్ని. మా కథానాయిక ఒక కోడి. టికెట్ లేకుండా బస్సెక్కి కండక్టరుతో వాదిస్తుంది. "గుడ్డు పెడ్తే టికెట్ కిందికి వస్తాది గదప్పా?" అంటుంది. కండక్టరు గుడ్డు పట్టుకుని చిల్లర ఎలా ఇవ్వాలో తెలియక నిలబడతాడు. ఆ చిల్లర సంగతి నా ఊహ. అయోమయంగా గుడ్డువైపు చూసే కండక్టరు కళ్లు ఓబులేశువి. నవ్వు వచ్చేది ఆ కళ్లను చూసే.

ఆ కథల పుస్తకం మా ఊళ్లో ఉండేది కాదు, బస్సులో తిరిగేది. బళ్లారి మీదుగా తెక్కలకోట పోయే బస్సు కండక్టరు హనుమంతప్ప దాన్ని మా మేనత్త ఇంటికి చేర్చేవాడు, అక్కడి పిల్లలు చదివాక తిరిగి తెచ్చేవాడు. నడుమ ప్రయాణికులూ చదివేవారు. వచ్చేసరికి అంచులు నలిగి, ఎవరిదో తమలపాకు మరక అంటుకుని ఉండేది. హనుమంతప్ప బస్సు ఆపి కేకేసేవాడు: "ఓబులేశప్పా! నీ కోడి ఈ సారి ఏం చేసిందప్పా? సిరుగుప్ప ముసలాయన ఒకాయన దిగాల్సిన కాడ దిగకుండా చదువుతా కూచుండె!"

నీ కోడి. నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని. ఆ కోడి మాట్లాడిన ప్రతి మాటా నాది, ఆ ముసలాయన దిగడం మరిచిపోయింది నా మాటలు చదివే. అయినా కోడి వాడిది. అమ్మ సంగతి మరీను. ఆమెకు చదువు రాదు. రొట్టె తట్టే చేయి తుడుచుకుని పుస్తకం తెరిచి, బొమ్మ బొమ్మకూ ఆగి, "నా బంగారు చెయ్యి" అంటూ వాడి వేళ్లు పట్టుకునేది. ఆమె వరకు ఆ పుస్తకంలో నేను లేను. చెప్పొచ్చు, కానీ అమ్మకు ఏమని చెప్పాలి? ఆ నల్లటి గీతలు నావి అనా?

దొంగతనం అప్పుడూ ఉండేది. సండూరు బడిలో గని కంట్రాక్టరు కొడుకొకడు మా కోడిని దించుకుని, అట్టవేసిన మంచి నోటు పుస్తకంలో రంగులద్ది, తనదేనని చూపించుకున్నాడు. నేను మండిపోయాను. చివరి పేజీలో మా ఇద్దరి పేర్లూ రాశాను, ఎవరో చించేశారు. ఓబులేశు మాత్రం నవ్వాడు. "పోనీ బిడక్కా," అన్నాడు, వదిలేయమంటూ. "మన కోడి వాళ్లింట్లో గూడ గుడ్డు పెట్టనీ." అయినా నా పోరు పడలేక, తర్వాతి కథలో కోడి తోక ఈకల్లో తన పేరులోని మొదటి అక్షరం దాచాడు. తెలిసినవాళ్లకే కనబడుతుంది. "నీది గూడ యాడన్నా దాచుకోక్కా" అన్నాడు. రోజంతా ఆలోచించాను. బొమ్మలో పేరు దాచొచ్చు, దానికి ఈకలుంటాయి, నీడలుంటాయి. మాటలో ఎక్కడ దాచాలి? కోడి నోట్లో నా పేరు పెడితే కథ చెడిపోతుంది. నాది దాచుకోవడానికి చోటు దొరకలేదు. ఆ రోజు వాడితో మాట్లాడలేదు. వాడికి ఎందుకో తెలియదు కూడా.

కొన్నాళ్లకు మేనత్త కూతురి పెళ్లిలో అనంతపురం వైపు నుంచి వచ్చిన తెలుగు పంతులొకాయన మా కోడి పుస్తకం చేతికి తీసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. మొట్టమొదటిసారి ఒకాయన బొమ్మను వదిలి అక్షరాలు చూస్తున్నాడు. ఆయన చూసి, పడిపడి నవ్వాడు. "ఎవరమ్మా ఇది రాసింది? పాపం ఈ దీర్ఘానికి నెత్తిమీద చోటు దొరకలేదా, పక్కన నిలబడింది?" పంక్తిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నా రాతను గుర్తించిన ఒక్క మనిషి గుర్తించింది ఆ తప్పును.

ఇంటికొచ్చి పలకమీద దిద్దుకున్నాను. 'కే', 'కో', 'నే', 'పో'. దీర్ఘం తలకెక్కేదాకా దిద్దాను. ఓబులేశుకు కూడా చూపించి, ఇంక మార్చుకోవాలన్నాను. అప్పటికి వాడు నా అక్షరాలు చూసి చూసి తనే రాయడం పట్టుకున్నాడు. కొత్తది చూసి తల అడ్డంగా ఊపాడు. "నాకు ఇట్లే బాగుండాదక్కా. పక్కన నిలబడితే దానికి గాలి ఆడతాది." తర్వాత వాడు లారీలకు రంగులు వేసే ఆయన దగ్గర పనికి చేరాడు, నేను టీచరమ్మనయ్యాను. బళ్లారి నుంచి ఆదోని పోయే లారీల వెనక చాలా ఏళ్లు 'పోయొస్తాం' అని పెద్ద అక్షరాలతో కనిపించేది, 'పో' పక్కన ఆ తోక విడిగా. నేను బస్సు కిటికీలోంచి చూసి ముఖం తిప్పుకునేదాన్ని. తప్పు అని తిప్పుకున్నానో, నాది అని తిప్పుకున్నానో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. చైత్ర ముక్కు తుడుచుకుంటోంది. "ఈ దీర్ఘం ఎవరు నేర్పారు నీకు?" అన్నాను.

"దీర్ఘమా? తాత రాస్తుండె గదా అట్ల. నాకు తెలుగు నేర్పించిందే తాత."

"మూసేయొద్దు. వాళ్లు పేరు కత్తిరించారు, దీన్ని కత్తిరించలేదు. కత్తిరిస్తే మాటే ఉండదు. జేజి మాటను ఒక్కసారి చేత్తో రాసి చూపించమను వాళ్లను, వీడియోలో. నువ్వూ రాయి. తాత లారీ ఫోటో ఉంటే అదీ పెట్టు."

పిల్ల నావైపు చూసింది, ఫోనువైపు చూసింది, మళ్లీ నావైపు. "అవ్వా," అంది, "నువ్వు ఇన్ని రోజులు యాడుంటివి?"

బిందెలు పక్కకు జరిపి, అక్కడే నేలమీద కూర్చుని కాగితం మీద రాసింది, నేను ఫోను పట్టుకున్నాను. నా వేలు అడ్డం వచ్చి వీడియో ఒకసారి చెడింది, మళ్లీ తీశాం. ఆ వారం జరిగింది నాకు ఫోనులోనే తెలిసింది. పెద్ద పేజీవాళ్లు చేతిరాత పెట్టారు. చక్కటి తెలుగు, దీర్ఘాలన్నీ నెత్తిమీద. కింద సిరుగుప్పవాళ్లు, సండూరువాళ్లు, బళ్లారివాళ్లు విరుచుకుపడ్డారు. 'ఇది మా బళ్లారి రాతప్పా, మీకు యాడ వస్తాది' అని ఒకరు. 'మా నాయన గూడ ఇట్లే రాస్తాడు' అని ఇంకొకరు. వాదన పెరిగి, ఒక పొద్దున ఆ పేజీలో జేజి బొమ్మలు లేకుండా పోయాయి. క్షమాపణ లేదు, మాయమయ్యాయి, అంతే. చైత్ర పేజీకి జనం వచ్చారు.

మా కాలంలో ఉన్నది ఒక్క ప్రతి. అది పోతే కథే పోయేది, అందుకే హనుమంతప్ప దాన్ని టికెట్ల సంచిలో పెట్టుకునేవాడు. ఇప్పుడు కథ పోదు, ఎన్ని చేతుల్లో చూసినా అదే ఉంటుంది. పోయేది గీసినవాళ్ల పేరు. ఏది నయమో అని ఆలోచించాను. మా ఒక్క ప్రతీ కూడా చివరకు మిగల్లేదు, దాంతోపాటు మా పేర్లూ. చైత్రకు కథా మిగిలింది, పేరూ మిగిలింది. నాకు సంతోషమే. కానీ ఆ సంతోషం మీద ఒక ఎర్ర పొర ఉంది, మా అమ్మ కుండ మీది గుడ్డలాగా.

తర్వాతి ఆదివారం చైత్ర బొరుగుల ఉగ్గాణి, మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చింది. తింటూ తింటూ జనం రాసినవి చదివి వినిపించింది. "చూడవ్వా, దీనికి అందరూ ఏం పేరు పెట్టినారో తెలుసా? తాత దీర్ఘం! ఇంక నా పేజీకి గుర్తు అదే. తాత పేరు నిలబెట్టినా కదా?"

చేతిలోని బజ్జీ తిరిగి పొట్లంలో పెట్టాను.

"అది మీ తాతది కాదు," అన్నాను. "నాది. వాడు నన్ను చూసి నేర్చుకున్నాడు."

చైత్ర నమలడం ఆపింది. తర్వాత నవ్వింది. "సుమ్నె, ఊరికే ఉండవ్వా. నీదా? చిన్నప్పటి నుంచి నీ డైరీలు చూస్తాండా, అన్నీ నెత్తిమీదనే ఉంటాయి."

నిజమే. డైరీ రాయడం నేను మొదలుపెట్టింది దిద్దుకున్న తర్వాతే. ఇన్నేళ్ల డైరీల్లో నా తరఫున సాక్ష్యం చెప్పే అక్షరం ఒక్కటి లేదు.

"సరే, రాయి చూస్తాం," అంటూ తుంటరిగా ఫోను పైకెత్తింది. "నువ్వు చెప్పిన పరీక్షే గదా. 'నేనే' అని రాయి."

పెన్ను తీసుకున్నాను. 'నె' రాశాను, పెన్ను ఎత్తి పక్కకు జరపాలి, అంతే. చెయ్యి ఎత్తలేదు. బడిలో కన్నడం సంగతి వేరు, తెలుగు రాస్తే మాత్రం ఇన్నేళ్ల డైరీలకు అలవాటుపడ్డ చెయ్యి తనంతట తానే పైకి వంపు తిరిగింది. దీర్ఘం నెత్తిమీద కూర్చుంది. రెండోదీ అంతే.

చైత్ర పొట్ట పట్టుకుని నవ్వింది. "అవ్వా! పెద్ద పేజీవాళ్లు గూడ అచ్చం ఇట్లే రాసిరి!" నా ముఖం చూసి ఆపేసింది. దగ్గరికొచ్చి నా భుజం మీద గడ్డం పెట్టి, "తాతకు నువ్వే నేర్పించినావేమోలే," అంది, పిల్లలను బుజ్జగించే గొంతుతో. బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

బిందెలు బోర్లించాను. మందుల డబ్బా నింపాను. కిటికీ దగ్గర కూర్చుని డైరీ తెరిచాను. నిన్నటిది రాయలేదు. ఒక పేజీ నిండా 'నేనే' అని రాశాను, ప్రతిసారీ 'నె' తర్వాత పెన్ను బలవంతంగా ఎత్తి, పక్కకు జరిపి, తోకను విడిగా నిలబెడుతూ. మొదట వంకరగా వచ్చాయి. పేజీ చివరకు చెయ్యి అలవాటు పడింది. కళ్లద్దాలు సర్దుకుని, పేజీని వెలుతురుకు ఎత్తి చూశాను. బాగా కుదిరాయి. అచ్చం ఓబులేశు రాసినట్టే ఉన్నాయి.